కోడింగుకూ ఆటలకూ ఒకే కంప్యూటర్: మదర్‌బోర్డు ఎలా ఎంచుకోవాలి?

మా మేనల్లుడు రెండేళ్ల క్రితం సొంతంగా కంప్యూటర్ కట్టించుకున్నాడు. ప్రాసెసర్ గురించి వారం రోజులు, గ్రాఫిక్స్ కార్డు గురించి నెల రోజులు చదివాడు. ఈ భాగాలన్నిటినీ కలిపే మదర్‌బోర్డు దగ్గరికి వచ్చేసరికి డబ్బూ ఓపికా రెండూ అయిపోయాయి. దుకాణదారు చేతికిచ్చిన బోర్డే తీసుకున్నాడు. రాత్రిపూట ఆటలు ఏ ఇబ్బందీ లేకుండా నడిచేవి. పగలు పనికి కూర్చుంటేనే చిక్కు. పెద్ద ప్రాజెక్టు బిల్డ్ (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాముగా మార్చే పని) మొదలుపెట్టిన పది నిమిషాలకు 12 కోర్ల ప్రాసెసర్ నీరసించి సగం వేగానికి దిగిపోయేది. కూలర్ మార్చాడు, పేస్టు మార్చాడు, విండోస్ మళ్లీ ఎక్కించాడు. చివరికి తేలిందేమిటంటే, వేడెక్కుతున్నది ప్రాసెసర్ కాదు, దానికి కరెంటు అందిస్తున్న బోర్డు.

బోర్డును ఆట కన్నా బిల్డే ఎక్కువ కష్టపెడుతుందన్న సంగతి చాలామందికి తట్టదు. ఆటలో బరువంతా గ్రాఫిక్స్ కార్డు మోస్తుంది, ప్రాసెసర్‌లో కొన్ని కోర్లే పరుగెడతాయి. సీ++ ప్రాజెక్టో రస్ట్ ప్రాజెక్టో కంపైల్ అవుతున్నప్పుడు కోర్లన్నీ ఒక్కసారిగా, నిమిషాల తరబడి నిండుగా పనిచేస్తాయి. కాబట్టి రెండు పనులకూ ఒకే యంత్రం కావాలనుకుంటే బోర్డును ప్రోగ్రామర్ కళ్లతో ఎంచుకోండి. ఆటల సంగతి దానంతటదే కుదురుతుంది.

బోర్డు వేగాన్ని పెంచదని కూడా ముందే తెలుసుకోండి. ఒకే ప్రాసెసర్, ఒకే గ్రాఫిక్స్ కార్డు పెట్టి 15 వేల రూపాయల బోర్డు మీదా 50 వేల రూపాయల బోర్డు మీదా ఆట ఆడితే తేడా కంటికి కనిపించదు. ఏమేమి తగిలించుకోవచ్చో, ఎంతసేపు అలసిపోకుండా నడుస్తుందో, మూడేళ్ల తర్వాత ఏం మార్చుకోవచ్చో, బోర్డు తేల్చేది ఇంతవరకే.

1. ముందు ఒక కాగితం తీసుకోండి

దాని మీద బోర్డుల పేర్లు రాయకండి, మీ పనులు రాయండి. వెబ్‌సైట్లు మాత్రమే తయారుచేస్తారా? అయితే మామూలు బోర్డు సరిపోతుంది, ఈ వ్యాసంలో సగం మీకు అక్కర్లేదు. ఆండ్రాయిడ్ స్టూడియో, ఎమ్యులేటర్, డాకర్ కంటైనర్లు, వర్చువల్ మెషీన్లు ఉంటే ర్యామ్ ఎంత కావాలో రాసుకోండి. ఎస్‌ఎస్‌డీలు ఎన్ని పెడతారు? విండోస్‌కు ఒకటి, లినక్స్‌కు ఒకటి, ఆటలకు ఒకటి అనుకుంటే అక్కడికే మూడు. తెరలు ఎన్ని? వెనక ఎన్ని యూఎస్‌బీ తీగలు గుచ్చుతారు? ఈ లెక్క చేతిలో ఉంటే దుకాణంలో మిమ్మల్ని ఎవరూ మాటలతో తిప్పలేరు.

2. సాకెట్టు

ప్రాసెసర్ కూర్చునే గూడు ఇది. ఒక సాకెట్టు ప్రాసెసర్ ఇంకో సాకెట్టులో పట్టదు. కాబట్టి ప్రాసెసర్ కంపెనీ ఎంపిక, సాకెట్టు ఎంపిక నిజానికి ఒకటే.

ఏఎండీ వైపు ఇప్పుడు నడుస్తున్నది ఏఎం5. 2022లో రైజెన్ 7000 ప్రాసెసర్లతో వచ్చింది. దీనికి డీడీఆర్5 అనే కొత్త తరం ర్యామ్ మాత్రమే పనిచేస్తుంది. ఈ సాకెట్టును 2027 దాకా, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని కంపెనీ ప్రకటించింది. ఇంతకుముందరి ఏఎం4ను 2016లో తెచ్చి, 2024లో కూడా దానికి కొత్త ప్రాసెసర్లు విడుదల చేశారు కాబట్టి ఈ మాటను నమ్మవచ్చు. ఇంటెల్ వైపు ఎల్‌జీఏ 1700 సాకెట్టు 12, 13, 14వ తరాల ప్రాసెసర్లకు పనిచేస్తుంది. 2024 అక్టోబరులో వచ్చిన కోర్ అల్ట్రా 200 వరుసకు ఎల్‌జీఏ 1851 కావాలి.

నా మాట అడిగితే, కొత్తగా కట్టించుకునేవాళ్లకు ఏఎం5 చెబుతాను. ఇవాళ 6 కోర్ల ప్రాసెసర్‌తో మొదలుపెట్టి, జీతం పెరిగాక అదే బోర్డు మీద 16 కోర్లది పెట్టుకునే వీలు ప్రోగ్రామర్‌కు చిన్న విషయం కాదు. ఇంటెల్‌లో 13, 14వ తరం ప్రాసెసర్ తక్కువ ధరకు దొరికితే తీసుకోవచ్చు. అయితే ఆ రెండు తరాల్లోని ఎక్కువ వాట్ల ప్రాసెసర్లు కొన్ని, అవసరానికి మించిన వోల్టేజీ అందడం వల్ల కాలక్రమంలో దెబ్బతిన్నాయి. దానికి ఇంటెల్ 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనల) సవరణలు విడుదల చేసింది. ఆ సవరణలున్న బయోస్‌ను (యంత్రాన్ని మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్‌ను) ఎక్కించాకే యంత్రాన్ని పనిలోకి దించండి.

మీ దగ్గర ఇప్పటికే మంచి డీడీఆర్4 ర్యామ్ ఉంటే ఏఎం4 బోర్డు గానీ, డీడీఆర్4 తీసుకునే ఎల్‌జీఏ 1700 బోర్డు గానీ చూడండి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో గమనించినవాళ్లకు ఇది పిసినారితనంగా కనిపించదు.

3. చిప్‌సెట్: అక్షరం చూడండి, అంకె తర్వాత

చిప్‌సెట్ అంటే ఎస్‌ఎస్‌డీలు, యూఎస్‌బీల లాంటివాటిని ప్రాసెసర్‌తో కలిపే బోర్డు మీది చిప్పు. ఏఎం5లో ఏ620 అన్నింటికన్నా చవక. ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ (నిర్ణీత వేగానికి మించి నడపడం) ఉండదు, ఎస్‌ఎస్‌డీ స్లాట్లూ యూఎస్‌బీలూ తక్కువ. బి650, బి850 మధ్యస్థం, మనలో ఎక్కువమందికి సరిపోయేవి ఇవే. ఎక్స్670ఈ, ఎక్స్870ఈ బోర్డుల మీద చిప్‌సెట్ చిప్పులు రెండేసి ఉంటాయి కాబట్టి తగిలించుకోవడానికి చోటు ఎక్కువ. చివర ‘ఈ’ లేని ఎక్స్870 మీద చిప్పు ఒక్కటే. దాదాపు బి650ఈ బోర్డుకు వేగవంతమైన యూఎస్‌బీ4 పోర్టు తోడైతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ‘ఎక్స్’ అక్షరం చూసి మురిసిపోయి పది వేలు అదనంగా ఇచ్చే ముందు ఆ యూఎస్‌బీ4 మీకు ఎందుకో చెప్పుకోండి. బి840 అనేది ఇంకొకటుంది. పేరు చూస్తే బి850కి తమ్ముడిలా అనిపిస్తుంది గానీ స్థాయిలో ఏ620కే దగ్గర.

ఇంటెల్‌లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ కావాలంటే జెడ్790, జెడ్890 లాంటి జెడ్ వరుస తీసుకోవాలి. అక్కర్లేకపోతే బి760, బి860 చాలు. హెచ్610 బోర్డులు ఆఫీసు గుమస్తా బల్ల మీదికి బాగుంటాయి. రెండే ర్యామ్ స్లాట్లు, ర్యామ్ వేగం పెంచుకునే వీలు లేదు. ఓవర్‌క్లాకింగ్ గురించి నా అభిప్రాయం కూడా చెప్పేస్తాను. ఈ కాలపు ప్రాసెసర్లు వాటంతటవే అంచుదాకా పరుగెడతాయి. జీతం తెచ్చే యంత్రంతో ప్రయోగాలు చేయకండి.

4. వీఆర్‌ఎం: అసలు పరీక్ష ఇక్కడే

క్యాబినెట్‌లోని విద్యుత్ సరఫరా పెట్టె (ఎస్‌ఎంపీఎస్) నుంచి బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసర్‌కు కావాల్సింది సుమారు ఒక వోల్టు. ఆ మార్పు చేసే సర్క్యూటును వీఆర్‌ఎం అంటారు. ప్రాసెసర్ సాకెట్టుకు ఎడమ పక్కా పై పక్కా వరుసగా కనిపించే చిన్న నల్ల చిప్పులూ, బూడిద రంగు దిమ్మలూ అవే. రైజెన్ 9 9950ఎక్స్ లాంటి ప్రాసెసర్ పెట్టెమీద 170 వాట్లని ఉన్నా, నిండు భారం మీద సాకెట్టు నుంచి 230 వాట్ల దాకా లాగడానికి దానికి అనుమతి ఉంది. అంత విద్యుత్తు ఒక వోల్టు దగ్గర అందించాలంటే కరెంటు వంద ఆంపియర్లు దాటిపోతుంది. మన ఇళ్లలో మెయిన్ ఎంసీబీ సాధారణంగా 32కో 40కో ఉంటుందని గుర్తుచేసుకుంటే, అగ్గిపెట్టెంత చోటులో ఎంత కరెంటు పారుతోందో అర్థమవుతుంది. వీఆర్‌ఎం బాగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగాన్ని తగ్గించేస్తుంది. మా మేనల్లుడి యంత్రంలో జరిగింది ఇదే.

బోర్డు పెట్టెమీద 12+2+2 లాంటి అంకెలు రాస్తారు. మొదటి అంకె కోర్లకు కరెంటు పంపే దశలు. అంకె పెద్దదైతే మంచిదే గానీ దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు. ఒక్కో దశ ఎన్ని ఆంపియర్లు మోస్తుందన్నది కూడా ముఖ్యం. 50 ఆంపియర్ల దశలు పన్నెండు ఉండటమూ, 80 ఆంపియర్ల దశలు పన్నెండు ఉండటమూ ఒకటి కాదు. ఈ వివరం తయారీదారు వెబ్‌సైటులో దొరుకుతుంది. దొరక్కపోతే, చెప్పుకోదగ్గది కాదు కాబట్టే రాయలేదనుకోండి.

లెక్కలు వద్దనుకుంటే ఒక మోటు పద్ధతి ఉంది. బోర్డు బొమ్మ చూడండి. వీఆర్‌ఎం చిప్పుల మీద వేడిని లాగే లోహపు హీట్‌సింక్ లేకుండా బోడిగా ఉంటే దాని మీద 65 వాట్ల ప్రాసెసర్‌కు మించి పెట్టకండి. సాకెట్టుకు రెండు పక్కలా బరువైన, గాడులు ఉన్న హీట్‌సింకులుంటే 12 కోర్లు పెట్టవచ్చు. పైన అందంగా కనిపించే ప్లాస్టిక్ తొడుగు హీట్‌సింక్ కాదు, దాన్ని చూసి మోసపోకండి.

విదేశీ సమీక్షకులు వీఆర్‌ఎం ఉష్ణోగ్రతలు కొలిచి చూపిస్తుంటారు, అవి తప్పక చూడండి. కానీ వాళ్ల గది సాధారణంగా 22 డిగ్రీల దగ్గర ఉంటుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెలలో ఏసీ లేని గది 38 డిగ్రీలు. వాళ్ల అంకెకు ఇంకో 15 కలిపి చదువుకోండి. వాళ్ల దగ్గర 75 వస్తే మన దగ్గర 90, అది ఫర్వాలేదు. వాళ్ల దగ్గరే 95 వచ్చిందంటే ఆ బోర్డును వదిలేయండి. లిక్విడ్ కూలర్ పెట్టేవాళ్లకు ఇంకో హెచ్చరిక: మామూలు గాలి కూలర్ ఫ్యాన్ పక్కనున్న వీఆర్‌ఎం మీదికి కూడా కాస్త గాలి తోలుతుంది. లిక్విడ్ కూలర్‌తో ఆ గాలి పోతుంది. క్యాబినెట్ పైభాగంలోనో వెనకో ఫ్యాను తిరిగేలా చూసుకోండి.

5. నాలుగు ర్యామ్ స్లాట్ల ఆశ

“ఇప్పుడు రెండు పెట్టుకుందాం, తర్వాత ఇంకో రెండు కొనుక్కుందాం” అని అందరూ అనుకుంటారు. డీడీఆర్4 రోజుల్లో అది బాగానే సాగింది. డీడీఆర్5తో సాగదు. రైజెన్ 9000 ప్రాసెసర్లకు రెండు ర్యామ్ కర్రలు (స్టిక్కులు) పెడితే ఏఎండీ హామీ ఇచ్చే వేగం 5600 (సెకనుకు మిలియన్ బదిలీల్లో). నాలుగు పెడితే 3600. అంతకన్నా ఎక్కువ వేగంతో నడిపిస్తున్నవాళ్లు ఉన్నారు, నడవక తలపట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

అందుకని మొదటిరోజే రెండు పెద్ద కర్రలు కొనండి. ప్రోగ్రామర్‌కు 32 జీబీ ఇప్పుడు కనీసం. విండోస్‌లోనే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్2 వాడేవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఏమీ మార్చకుండా వదిలేస్తే అది యంత్రంలోని ర్యామ్‌లో సగం దాకా వాడుకోగలదు. మిగిలిన 16 జీబీలో బ్రౌజర్, ఎడిటర్, ఎమ్యులేటర్ సర్దుకోవాలి. స్తోమత ఉంటే 32 జీబీ కర్రలు రెండు తీసుకుని 64కి వెళ్లండి. ఇలా చూస్తే రెండే స్లాట్లున్న బోర్డు నాసిరకం ఏమీ కాదు. తర్వాత మరో రెండు కొనే ఆలోచన లేనివాళ్లకు అదే చాలు.

వేగం విషయానికొస్తే ఏఎం5కు 6000 దగ్గర ఆగితే చాలు. ఆ పైన డబ్బు కరుగుతుంది తప్ప ఒరిగేది తక్కువ. కొనే ముందు బోర్డు తయారీదారు వెబ్‌సైటులో పరీక్షించిన ర్యామ్‌ల జాబితా ఉంటుంది, మీరు కొనేది అందులో ఉందో లేదో చూసుకోండి. నాలుగు స్లాట్ల బోర్డు మీద రెండు కర్రలు పెట్టేటప్పుడు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడండి.

6. స్లాట్ల వెనక దాగిన షరతులు

ఈ అడుగులో వెబ్‌సైటు మీద ఆధారపడకుండా బోర్డు మాన్యువల్ డౌన్‌లోడ్ చేసుకోండి. కొనకముందే ఉచితంగా దొరుకుతుంది. అందులో స్లాట్ల పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఉండే గమనికలు చదవండి. (ఎం.2 అంటే ఎస్‌ఎస్‌డీని నేరుగా గుచ్చే స్లాటు, సాటా పాత రకం డిస్కుల పోర్టు, లేన్లు డేటా వెళ్లే దారులు.) “రెండో ఎం.2 స్లాటు వాడితే గ్రాఫిక్స్ కార్డు స్లాటు 16 లేన్ల నుంచి 8కి తగ్గుతుంది”, “మూడో ఎం.2 వాడితే రెండు సాటా పోర్టులు పనిచేయవు”, ఇలాంటివి అక్కడే ఉంటాయి. యూఎస్‌బీ4 ఉన్న కొన్ని ఎక్స్870 బోర్డుల్లో ఆ పోర్టులకూ ఒక ఎస్‌ఎస్‌డీ స్లాటుకూ లేన్లు ఉమ్మడి. రైజెన్ 7000, 9000 ప్రాసెసర్లలో వాడుకోవడానికి వచ్చేవి 24 లేన్లే. 16 గ్రాఫిక్స్‌కు, మిగతావి ఎస్‌ఎస్‌డీలకూ యూఎస్‌బీ4 లాంటివాటికీ. ఉన్న లేన్లనే అటూ ఇటూ సర్దుతుంటారు.

పొడవుగా, గ్రాఫిక్స్ కార్డు పట్టేలా మూడు స్లాట్లు కనిపిస్తే మూడూ ఒకటే అనుకోకండి. సాధారణంగా మొదటిదే పూర్తి 16 లేన్లది. కిందివి చూడటానికి పొడవే గానీ లోపల నాలుగు లేన్లో, ఒకటో. రెండో గ్రాఫిక్స్ కార్డు పెట్టి ఏఐ మోడళ్లు నడపాలనుకునేవాళ్లకు ఈ తేడా ముఖ్యం. మిగతావాళ్లకు అక్కర్లేదు.

ఎస్‌ఎస్‌డీలలో ఆపరేటింగ్ సిస్టమ్, కోడ్ ఉండేదాన్ని నేరుగా ప్రాసెసర్‌కు కలిసే ఎం.2 స్లాటులో పెట్టండి. ఆటల డిస్కు చిప్‌సెట్ స్లాటులో ఉన్నా నష్టం లేదు. పీసీఐఈ 5.0 (ఈ లేన్ల కొత్త, వేగవంతమైన తరం) ఎస్‌ఎస్‌డీ కోసం ఖరీదైన బోర్డుకు ఎగబాకనవసరం లేదు. ఆట తెరుచుకోవడంలో గానీ, బిల్డ్ పూర్తవడంలో గానీ 4.0తో పోలిస్తే తేడా చేతికి తెలియదు.

7. వెనక వైపు పోర్టులు

కీబోర్డు, మౌస్, హెడ్‌సెట్, వెబ్‌క్యామ్, యాప్ పరీక్షించే ఫోను, బయటి హార్డ్‌డిస్కు: ఆరు అయ్యాయి. నాలుగే యూఎస్‌బీలున్న బోర్డు కొని తర్వాత హబ్బుల చుట్టూ తిరగడం ఎందుకు? ఎనిమిది ఉన్నది చూడండి. క్యాబినెట్ ముందువైపు టైప్-సీ ఉంటే దానికి బోర్డు మీద ప్రత్యేకమైన కనెక్టరు ఉండాలి, చవక బోర్డుల్లో దాన్ని ఎగ్గొడతారు.

బోర్డు మీద హెచ్‌డీఎంఐ ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందనుకోకండి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండాలి. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికీ, ఏఎండీలో 7500ఎఫ్ లాంటివాటికీ ఉండదు.

లినక్స్ వాడేవాళ్లు వైఫై చిప్పు ఎవరిదో తప్పక చూడాలి. వైఫై 7 చిప్పులు కొన్నింటికి కొత్త కెర్నల్ (లినక్స్ మూలభాగం) లేనిదే డ్రైవర్ ఉండదు. మీరు నమ్ముకున్న పాత స్థిర వెర్షన్‌లో నెట్టే రాకపోవచ్చు. వీలైతే లాన్ తీగ లాగించుకోండి, ఆటలకూ అదే మేలు.

8. కొలత

ఏటీఎక్స్ 305 × 244 మి.మీ., మైక్రో ఏటీఎక్స్ 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170. మైక్రో ఏటీఎక్స్ తీసుకోండి, డబ్బు మిగులుతుంది. ఎస్‌ఎస్‌డీలు మూడు నాలుగు కావాలంటేనే ఏటీఎక్స్. మినీ ఐటీఎక్స్ ముచ్చటగా ఉంటుంది, ధర మాత్రం ముచ్చటగా ఉండదు.

9. బయోస్‌లో చూడాల్సినవి

వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డునే కొనండి. ఈ విషయంలో నేను రాజీపడను. బోర్డు తయారైన తర్వాత వచ్చిన ప్రాసెసర్ పెడితే పాత బయోస్ దాన్ని గుర్తుపట్టదు, తెర నల్లగానే ఉంటుంది. ఈ బటన్ ఉంటే ప్రాసెసర్, ర్యామ్ లేకుండానే ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌తో కొత్త బయోస్ ఎక్కించవచ్చు. మూడేళ్ల తర్వాత ప్రాసెసర్ మార్చేటప్పుడు ఏదైనా తేడా వస్తే మిమ్మల్ని గట్టెక్కించేది కూడా ఇదే. ఆ పని చేసేటప్పుడు యూపీఎస్ మీద ఉండండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు మూగబోతుంది.

కంప్యూటర్ వచ్చాక మార్చాల్సినవి మూడు. ర్యామ్‌కు ఎక్స్‌పో లేదా ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ ఎంచుకోవాలి. లేకపోతే మీరు డబ్బు పెట్టి కొన్న 6000 ర్యామ్ 4800 దగ్గరే నడుస్తుంటుంది. వర్చువలైజేషన్ తెరవాలి, ఏఎండీ బోర్డుల్లో దాని పేరు ఎస్‌వీఎం మోడ్. అది మూసి ఉంటే డాకర్, డబ్ల్యూఎస్‌ఎల్2, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ మొరాయిస్తాయి. ఇక సెక్యూర్ బూట్, అంటే డిజిటల్ సంతకం ఉన్న సాఫ్ట్‌వేర్‌తోనే యంత్రాన్ని మొదలుపెట్టనిచ్చే అమరిక. విండోస్ 11లో వాలొరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటుతో పాటు ఇది కూడా ఉండాలి. బ్యాటిల్‌ఫీల్డ్ 6కూ సెక్యూర్ బూట్ కావాలి. అదే యంత్రంలో లినక్స్ కూడా ఉంటే, సంతకం లేని డ్రైవర్లను సెక్యూర్ బూట్ లోపలికి రానివ్వదు. ఉబుంటులాంటివి ఎన్విడియా డ్రైవర్‌కు సంతకం ఏర్పాటు చేసే ఇస్తాయి, మరికొన్నింటిలో ఆ సంతకపు తాళంచెవిని (కీ) మీరే నమోదు చేసుకోవాలి. బయోస్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ఈ మూడూ మళ్లీ చూసుకోండి, చాలాసార్లు అన్నీ మొదటికొస్తాయి.

10. దుకాణంలో

కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినా, ఆన్‌లైన్‌లో కొన్నా, ప్రాసెసర్‌తో కలిపి ఇచ్చే ‘కాంబో’ బోర్డును వెంటనే ఒప్పుకోకండి. అమ్ముడుపోక మిగిలినవి అలా వదిలించుకునే అలవాటు కొందరికి ఉంది. మోడల్ పేరు అక్షరం అక్షరం సరిచూడండి. ఒకే పేరు చివర ఒక్క అక్షరం తేడాతో వీఆర్‌ఎం మారిపోయే బోర్డులున్నాయి. సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. అమెరికా నుంచి వస్తున్న అన్నయ్యతోనో బావగారితోనో తెప్పించుకునే ఆలోచన ఉంటే, అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. చాలా సందర్భాల్లో చెల్లదు.

పెట్టె అక్కడే తెరిపించండి. ఏఎం5లోనూ, ఇంటెల్‌లోనూ పిన్నులు ఉండేది బోర్డు సాకెట్టులోనే. ఏఎం5లో వాటి సంఖ్య 1718. ప్లాస్టిక్ మూత తీయించి, ఫోను టార్చి ఏటవాలుగా వేసి చూడండి. వరుసలన్నీ ఒకేలా మెరవాలి. ఒక్కచోట మెరుపు తేడాగా ఉంటే పిన్ను వంగినట్టే, ఆ బోర్డు వద్దని చెప్పండి. వంగిన పిన్నుకు వారంటీ వర్తించదు, ఇంటికి వెళ్లాక చూస్తే అది మీరు వంచినదే అంటారు.

అన్నీ బిగించి మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర మీద ఏమీ రాకపోతే కంగారుపడకండి. డీడీఆర్5 బోర్డు మొదటిసారి ర్యామ్‌తో సర్దుబాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటుంది. బోర్డు మీద ర్యామ్ గుర్తు దగ్గర చిన్న దీపం వెలుగుతూ ఉంటుంది. ఆ సమయంలో స్విచ్ తీయకుండా వెళ్లి టీ పెట్టుకోండి. పది పదిహేను నిమిషాలైనా రాకపోతే అప్పుడు ఒక కర్ర తీసి, ఒక్కదానితో చూడండి.

సాకెట్టు మీద నుంచి ఊడిన ఆ నల్ల ప్లాస్టిక్ మూతను మాత్రం చెత్తబుట్టలో వేయకండి. రేపు బోర్డు సర్వీసు సెంటరుకు వెళ్లాల్సి వస్తే వాళ్లు మొదట అడిగేది దాన్నే. బోర్డు పెట్టెలోనే, బిల్లుతో పాటు దాచండి.